ఇంటి ముంగట ఆరు గులాబీలు

(కోరుట్లలో జరిగిన సంఘం మహిళా సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగల్ల ఒక మాట. గులాబీ అనంగనే మన దిక్కు అందరికీ జెండా యాదికొస్తది. నేను ఏ జెండా గురించీ మాట్లాడుతలేను. ముండ్లుండే చెట్టు గురించి మాట్లాడుతున్న. అది ఏ పార్టీలోనూ లేదు.

వడ్ల తరుగు గురించి, పసుపు ధర గురించి, 2015లో మూతపడ్డ ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీ గురించి మాట్లాడాల్సిన సంఘం పూలచెట్ల ముచ్చట పెట్టుడేందని పొద్దుగాల ఒక తమ్ముడు అడిగిండు. సంగతేందంటే, రెండు నెలల కింద మా మండలానికి ఒకాయన కారేసుకొని వచ్చిండు. ఇరవై మంది ఆడవాళ్లు కలిస్తే చాలు, అర ఎకరంల పాలీహౌస్ వేపిస్తమన్నడు. లోను మేమే ఇప్పిస్తం, మొక్కలు మేమే ఇస్తం, పువ్వు మేమే కొంటమన్నడు. ప్లాస్టిక్ కవర్ల కాగితాలు పెట్టుకొని వచ్చిండు. కొంతమంది సంతకం పెట్టేదాకా పోయిండ్రు. తర్వాత ఎందుకో ఆగి, సంఘాన్ని అడుగుదామనుకున్నరు. సంఘం వాళ్లు నన్ను అడిగిండ్రు. ఎందుకంటే మా ఊర్లె గులాబీతోని దెబ్బతిన్నోన్ని నేనొక్కన్నే.

ఆ దెబ్బ గురించి చెప్త. పదకొండేండ్ల కింద ట్రాక్టర్ మీద మొక్కలు అమ్ముకుంట వచ్చిండ్రు. కడియం నుంచి తెచ్చినమన్నరు. నిజంగనే అక్కన్నుంచి తెచ్చిండ్రో, కడియం పేరు చెప్తే అమ్ముడుపోతదని చెప్పిండ్రో నాకు తెల్వదు. ప్రతి మొక్కకూ అరచేయంత పువ్వున్నది. ఎరుపు, పసుపు, రెండు రంగులు కలిసినయి. నేను ఇంటికి ఆరు కొంటే ఈ రోజు ఇక్కడ మాట్లాడే పని ఉండకపోవు. కానీ నేను రైతును కదా, పది గుంటలకు లెక్క కట్టిన. పసుపు తీసిన చెల్కల మార్చి నెలల పెట్టిన. మొక్కకు 60 రూపాయలు. డ్రిప్పు పైపులు వేరే. బంగారం కుదువ పెట్టింది మా ఇంటామెది.

మే నెలల సగం పోయినయి. మిగిలిన సగం వానకాలంల బాగ పెరిగినయి. పొడుగు పొడుగు కొమ్మలు, పచ్చగ, చూస్తే కడుపు నిండేది. ఊరోళ్లకు చూపెట్టిన. కానీ పువ్వు లేదు. దసరా పోయింది, పువ్వు లేదు. జగిత్యాలల మామిడి అంట్లు కట్టే ఒక పెద్దాయనను తీస్కచ్చి చూపెడితే ఆయన వంగి చెట్టు మొదలు చూసి నవ్విండు. ‘‘నువ్వు పెంచేది గులాబీ కాదయ్యా, గులాబీకి కింద పెట్టిన అడవి చెట్టు’’ అన్నడు. పైన అంటు కట్టిన కన్ను ఎండకు చచ్చిపోయింది. కింది మొక్క బతికింది. నేను దానికి యూరియా వేసి సాదిన.

అందుకనే మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఇదే: మనం కొనే గులాబీ ఒక చెట్టు కాదు, రెండు. కింద వేరు ఒకదానిది, పైన పువ్వు ఇంకొకదానిది. రెంటి నడుమ ఒక గడ్డలాంటి ముడి ఉంటది. ఆ ముడి కింది నుంచి వచ్చే ప్రతి కొమ్మ దొంగ కొమ్మ. దాన్ని కత్తెరతోని కోస్తే మల్ల రెండొస్తయి. మన్ను తీసి, అది పుట్టిన కాడికి పోయి, గుంజి పీకాలె. ఏడు ఆకులుంటే దొంగది, ఐదుంటే మంచిది అని కొందరు చెప్తరు. అది అన్నిసార్లు నిజం కాదు, మంచి కొమ్మకు కూడా ఏడు రావచ్చు. ఆకులు లెక్కపెట్టకుర్రి, కొమ్మ యాన్నుంచి పుట్టిందో చూడుర్రి.

ఇప్పుడు ‘హైబ్రిడ్’ అన్న మాట. ఈ మాటతోనే మనల్ని ఎక్కువ మోసం చేస్తరు. మక్క, పత్తి హైబ్రిడ్ గింజ మనకు తెలుసు. ఏటేటా దుకాణంల కొనాలె, దాచిపెట్టి వేస్తే పంట ఒక్కతీరు రాదు. గులాబీల హైబ్రిడ్ అంటే అట్ల కాదు. చైనా నుంచి యూరప్‌కు పోయిన ఏడాదంతా పూసే టీ గులాబీని, అక్కడి గట్టి గులాబీలతోని కలిపితే వచ్చిన జాతి ఇది. 1867ల ఫ్రాన్స్‌ల గియో అనే నర్సరీ ఆయన తెచ్చిన ‘లా ఫ్రాన్స్’ను మొదటి హైబ్రిడ్ టీ అంటరు. కొమ్మకు ఒకటే పువ్వు, కొసదేరిన మొగ్గ, పొడుగు కాడ దీని గుర్తు. దీన్ని గింజతోని కాదు, కన్నుతోని పెంచుతరు. ఒక్క మంచి చెట్టు నీ పెరట్ల ఉంటే దాని కండ్లు తీసి పది చెట్లు చేయొచ్చు, పదింటి నుంచి వంద చేయొచ్చు. పువ్వు అదే వస్తది. గుణం పోదు. ‘‘ఏటేటా కొత్త మొక్కలు మా దగ్గరనే తీసుకోవాలె, హైబ్రిడ్ కదా’’ అని ఆ కారు ఆయన చెప్పింది అబద్ధం.

మరి అట్ల కన్ను తీసుకొని పెంచితే కంపెనీ కేసు వేస్తదా అని ఒక చెల్లె అడిగింది. మంచి ప్రశ్న. అమెరికాల 1930ల మొక్కల మీద పేటెంట్ చట్టం తెచ్చిండ్రు. 1931ల మొట్టమొదటి పేటెంటు దేనికి ఇచ్చిండ్రో తెలుసా? గులాబీకే. ‘న్యూ డాన్’ అనే తీగ గులాబీకి. అంటే మొక్కకు యజమానిని పెట్టుడు గులాబీతోనే మొదలైంది. మన దేశంల 2001ల వచ్చిన మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టం ఉన్నది. దాంట్ల 39వ సెక్షన్ యాది పెట్టుకోండి. రిజిస్టర్ అయిన రకం అయినా సరే, రైతు తన పంటను, విత్తనాన్ని దాచుకోవచ్చు, మల్ల వేసుకోవచ్చు, పక్కోళ్లకు ఇయ్యొచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు పెట్టి అమ్మొద్దు, అంతే. ఆ చట్టంల విత్తనం అంటే గింజ ఒక్కటే కాదు, మల్ల మొలిచి అదే మొక్క అయ్యే భాగం ఏదైనా విత్తనమే. 2019ల గుజరాత్‌ల ఆలుగడ్డ రైతుల మీద పెప్సికో కేసులు వేసింది. రైతు సంఘాలు లేచి నిలబడితే వాపసు తీసుకున్నది. అప్పుడు రైతులకు అడ్డం నిలబడ్డది ఈ సెక్షనే.

పాలీహౌస్ ముచ్చటకొస్త. హోసూరుల, బెంగళూరు చుట్టుపక్కల గులాబీ పాలీహౌస్‌లు మస్తుగ ఉన్నయి. హోసూరుల మన తెలుగు మాట్లాడే రైతులే చాలామంది. అక్కడ ‘తాజ్ మహల్’ అనే ఎర్ర గులాబీని పెంచి ఫిబ్రవరి 14కు విమానాలల్ల పంపుతరు. వాళ్లకు అచ్చి వచ్చింది కదా, మనకెందుకు రాదు? ఎందుకంటే హోసూరు సముద్ర మట్టానికి దగ్గరదగ్గర 900 మీటర్ల ఎత్తుల ఉన్నది. రాత్రి చల్లగుంటది. పక్కనే విమానాశ్రయం, చల్లటి గోదాములు. మన జగిత్యాల అంత ఎత్తుల లేదు, మే నెలల 44, 45 డిగ్రీలు చూసుడు మనకు కొత్త కాదు. ప్లాస్టిక్ కప్పు కింద అది ఇంకెంత అయితదో మీరే ఆలోచించుర్రి. అంత వసతి ఉన్న హోసూరు, బెంగళూరు రైతులు కూడా 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టంగనే కోసిన పువ్వును కుప్పలు పోసి పారేసిండ్రు. పెండ్లిళ్లు ఆగినయి, గుళ్లు మూసిండ్రు, అప్పు మాత్రం ఆగలేదు. వడ్లయితే మద్దతు ధర ఉన్నదని కొట్లాడతం. గులాబీకి ఏ మద్దతు ధర ఉన్నదని కొట్లాడతం?

కాబట్టి నా మాట: సంతకం పెట్టకుర్రి. గులాబీని మాత్రం ఇడిచిపెట్టకుర్రి. ఇంటి ముంగట ఆరు చెట్లు పెట్టుర్రి. ఆరే. పదహారు కాదు.

ఆ ఆరు ఎట్లాంటివి కావాలె? మన వాకిలి ఎంత? పది అడుగులు. సిరిసిల్ల అక్కల ఇండ్లల్ల సాంచలే సగం ఇల్లు తింటయి, మిగిలింది మేడ మీద ఇంత జాగ. అక్కడ ఆరు అడుగులు పెరిగే చెట్టు పనికిరాదు. రెండున్నర, మూడు అడుగులల్ల ఆగేది, మొదట్ల నుంచే గుబురుగ కొమ్మలు వేసేది, ఆకు మందంగ నిగనిగలాడేది కావాలె. నర్సరీల పువ్వు చూసి కొనకుర్రి. పువ్వు ఎవడైనా చూపెడతడు. కింది ఆకులు చూడుర్రి. కింద ఆకు రాలి మోడైన చెట్టు వద్దు. ఆకు ఆకుకు నడుమ జాగ తక్కువుంటే అది పొట్టి జాతి. ఇండ్ల కూడా ఒక మోసమున్నది. కొందరు కుండీ మొక్కకు పెరుగుడు ఆపే మందు పోస్తరు. అక్కడ పొట్టిగుంటది, మనింట్ల మందు దిగినంక తాడిచెట్టు లెక్క లేస్తది. అందుకనే వీలైతే ఎవరింట్లనో రెండు మూడేండ్ల నుంచి ఉన్న చెట్టు చూసి, దాని కన్ను అడుక్కోండి. అదే అన్నింటికన్న పక్కా సర్టిఫికెట్.

మందు కొట్టకుంట బతికే గులాబీ ఉంటదా అని అడుగుతరు. జర్మనీల కొత్త గులాబీలను ఏడీఆర్ అని ఒక పరీక్షకు పెడతరు. పదకొండు తోటలల్ల మూడేండ్లు పెంచి చూస్తరు. 1997 నుంచి ఆ తోటలల్ల పురుగుల మందు, తెగుళ్ల మందు ఏదీ కొట్టుడు లేదు. మందు లేకుండ ఆకు నిలుపుకున్నదానికే ముద్ర ఇస్తరు. మన దగ్గర కూడా ఈ ఆలోచన చేసినోళ్లున్నరు. బి.పి. పాల్ అని గోధుమ శాస్త్రవేత్త. తుప్పు తెగులును తట్టుకునే ఎన్.పి. 809 గోధుమ 1954ల ఆయన హయాంల వచ్చింది. 1965ల భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిండు. ఆయనే మన ఎండకు పనికొచ్చే గులాబీల కోసం కూడా జీవితాంతం కష్టపడ్డడు. ఢిల్లీ పూసా సంస్థ తెచ్చిన ‘పూసా అరుణ్’ అనే ఎర్ర హైబ్రిడ్ టీ బూడిద తెగులును తట్టుకుంటదని పేరున్నది. దొరికితే అది ఒకటి పెట్టుకోండి. తెల్లవి, లేత రంగువి తామర పురుగుకు తొందరగ దొరుకుతయి, అవి తక్కువ పెట్టుర్రి.

పెట్టే కాలం ఇదే. బతుకమ్మ పోయింది, వానలు వెనుకకు పట్టినయి. ఇప్పటి నుంచి జనవరి దాకా పెట్టొచ్చు. నాలెక్క మార్చిల పెట్టకుర్రి. పొద్దుగాల ఎండ ఆరు గంటలు తగలాలె, ఎండాకాలం పగటి పూట మూడు దాటినంక కొంచెం నీడుంటే ఇంకా మంచిది. అడుగున్నర గుంత తవ్వి, సగం మన్ను, సగం చివికిన పెంట, ఒక గుప్పెడు వేపపిండి. పచ్చి పెంట వేస్తే వేరు కాలుతది, చెదలు వస్తది. చెల్క నేలయితే ఇబ్బంది లేదు. నల్లరేగడి అయితే నీళ్లు నిలుస్తయి, అందుకని జానెడు ఎత్తు బోదె చేసి దాని మీద పెట్టుర్రి. గులాబీ ఎండకు చచ్చేటి కన్న కాళ్ల కింద నీళ్లు నిలిచి చచ్చుడే ఎక్కువ. అంటు ముడి భూమికి రెండు అంగుళాలు పైన ఉండాలె. చెట్టుకు చెట్టుకు రెండు, రెండున్నర అడుగులు. మేడ మీదైతే 20 లీటర్ల పెయింటు బకెటు చాలు, అడుగున నాలుగు రంధ్రాలు పెట్టుర్రి. ఎండాకాలం బకెటుకు గోనెసంచి చుట్టాలె, లేకుంటే ప్లాస్టిక్ కాగి వేర్లు ఉడుకుతయి.

నీళ్లు పొద్దుగాల మొదట్లనే పోయాలె. ఆకుల మీద సాయంత్రం పోస్తే రాత్రంతా తడిగుండి నల్లమచ్చ వస్తది. మన పసుపు రైతులకు ఒక సుఖమున్నది. జనవరి, ఫిబ్రవరిల పసుపు ఆకు కోసి గెట్ల మీద పారేస్తం, లేకుంటే కాలవెడతం. ఆ ఆకు తెచ్చి గులాబీ మొదట్ల నాలుగు వేళ్ల మందం పరిస్తే ఎండాకాలం సగం నీళ్లు మిగులుతయి. వరిగడ్డి అయినా సరే. మొదలుకు తగలకుంట పరచాలె.

బోరు నీళ్లు ఉప్పగున్న ఊర్లల్ల లేత ఆకు పసుపు పడి, ఈనెలు మాత్రం పచ్చగ ఉంటయి. దానికి తెగుళ్ల మందు కొట్టకుర్రి, అది తెగులు కాదు, ఇనుము అందక. వాననీళ్లు పట్టి పోయుర్రి, పెంట ఎక్కువ వేయుర్రి.

ఇగ కత్తిరింపు. మనోళ్లకు కత్తెర పట్టుకుంటె చెయ్యి వణుకుతది, పూసే కొమ్మను ఎట్ల కోయాలె అని. కోయకుంటెనే పూయదు. పూసిన పువ్వును గుడ్డిగ తుంచకుర్రి. కింద బయటికి చూసే ఐదాకుల రెమ్మ చూసుకొని, దాని కన్నుకు కొంచెం పైన ఏటవాలుగ కోయాలె. కన్ను లోపటికి చూస్తే కొమ్మ లోపటికే పోతది, చెట్టు నడుమ గాలాడదు. పెద్ద కత్తిరింపు వానలు ఆగినంక, అంటే ఇప్పుడు. ఎండిన కొమ్మలు, పుల్లల్లాంటివి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేసి, నాలుగైదు గట్టి కొమ్మలు అడుగున్నర ఎత్తుల ఉంచాలె. కోసిన 45 రోజులకు అటు ఇటు పువ్వొస్తది. ఈ లెక్క పట్టుకుంటె సంక్రాంతికి కావాలంటే నవంబర్ ఆఖరుల, శివరాత్రికి వేములాడ రాజన్న జాతరకు కావాలంటే దానికి నెలన్నర ముందు కోసుకోవచ్చు. ఆరు చెట్లను ఒక్కరోజే కోయకుంట వారానికి రెండు కోస్తే ఇంట్ల పువ్వు తెగదు. ఏప్రిల్, మేలల్ల మాత్రం కత్తెర పక్కకు పెట్టుర్రి. ఆ ఆకే చెట్టుకు గొడుగు.

కోసిన కొస నుంచి కొమ్మ నల్లబడి కిందికి ఎండుకుంట వస్తే, పచ్చటి కొమ్మ దాకా దిగి కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద చేసి పూయాలె. చలికాలం బూడిద వస్తే నీళ్లల్ల కలిపే గంధకం లీటరుకు మూడు గ్రాములు. ఎండల గంధకం కొట్టకుర్రి, ఆకు మాడుతది. నల్లమచ్చ ఆకులు ఏరి కాలవెట్టాలె, పెంటకుప్పల వేయొద్దు. ఎర్ర నల్లికి ఆకు అడుగున నీళ్లు జోరుగ కొట్టుర్రి, అదే మందు. పేనుకు, తామర పురుగుకు వేపనూనె లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు. జూన్‌ల మొదటి వాన పడ్డ రాత్రి వేపచెట్ల మీద వాలే పెంకు పురుగులు గులాబీ ఆకు కూడా నాకుతయి. టార్చిలైటు పెట్టి ఏరుర్రి, పిల్లలకు ఆట.

ఇక్కడ కొంచెం కోపంగ చెప్త, ఏమనుకోకుర్రి. పత్తికి తెచ్చిన మందు డబ్బాల మిగిలిందని గులాబీకి కొట్టుడు మన ఇండ్లల్ల అలవాటు. నేను కూడా చేసిన. పొలంల కొట్టి ఇంటికొస్తం, ఇది ఇంటి ముంగటనే. అక్కడనే పిల్లలు ఆడతరు, అక్కడనే బీడీలు చేసుకుంట కూసుంటరు, అక్కడనే మంచం వేసుకుంటరు. ఆ పువ్వునే తలల పెట్టుకుంటరు. ఎర్ర ముక్కోణం గుర్తున్న డబ్బా వాకిట్లకు రాకూడదు. ఆ మందు లేకుంటె చచ్చే గులాబీ అయితే, చావనియ్యిర్రి. దాని జాగల ఇంకోటి పెడతం.

లాభమేందని అడిగిండ్రు. మా ఇంటామె దగ్గర ఇప్పుడు 14 చెట్లున్నయి. అన్ని ఆ మొదటి పది గుంటలల్ల బతికిన రెండు చెట్ల కండ్ల నుంచి వచ్చినయే. మంగళవారం, శనివారం కొండగట్టుకు పోయే బండామె పువ్వుకు ఐదు రూపాయలు ఇచ్చి తీస్కపోతది, లగ్గాల రోజులల్ల పది ఇస్తది. నెలకు కరెంటు బిల్లు, ఫోను రీచార్జి ఎల్లుతయి. అంతకన్న ఎక్కువ చెప్పితే నేను కూడా కారు ఆయన లెక్కనే అయిత. ఆ పైసలు నేను అడగ. కుదువ పెట్టిన బంగారం ఇడిపించేటందుకు నాలుగేండ్లు పట్టింది, అది ఆమెకు యాదికున్నది, నాకు కూడా ఉన్నది.

మా నాయనమ్మ చెప్పేది, వాళ్ల కాలంల ఊర్లె గులాబీ చెట్టు గడీ లోపటనే ఉండేదట. బావి నుంచి చేది నీళ్లు పోసుడు వెట్టి. పువ్వు ముట్టుకుంటే తిట్లు. నాకు ఎనిమిదేండ్లున్నప్పుడు, 1978 సెప్టెంబర్‌ల జగిత్యాల జైత్రయాత్రకు మా నాయన నడిచి పోయిండు. ఆ తర్వాత కొన్నేండ్లకు ఆ గడీ చెట్టు ఎండిపోయింది, నీళ్లు పోసేటోళ్లు లేక. దాని కొమ్మ ఒకటి ఎవరన్న తెచ్చి పెట్టుకుంటే బాగుండేది అని నాకు ఇప్పుడు అనిపిస్తది. వాసన మస్తుగుండేదట.

ఇగ పని ముచ్చట. కన్ను అంటు కట్టుడు మాటలతోని రాదు, చేతితోని రావాలె. నాటు గులాబీ కొమ్మలు పోయిన వానకాలం నాటి పెట్టిన, పెన్సిలంత లావైనయి. డిసెంబర్‌ల బెరడు మంచిగ లేస్తది. డిసెంబర్ మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా ఇంట్ల కలుద్దాం. మామిడి అంట్ల పెద్దాయనను కూడా పిలిచిన, వస్తనన్నడు. మీ దగ్గర మంచిగ పూసే చెట్టుంటే పువ్వు రాలినంక ఆ కొమ్మ ఒకటి తడిగుడ్డల చుట్టి తేండి, మార్చుకుందాం. సంతకం పెట్టే కాగితాలున్నోళ్లు అవి కూడా తేండి, వకీలు మిత్రుడు చదివి చెప్తడు. కత్తి ఎవలది వాళ్లు తెచ్చుకోవాలె. కట్టే టేపు నా దగ్గర ఉన్నది.